బొట్టు పెట్టిన కాంటాక్టర్

ఏం గాదు. ఈ ఊరు నడిచేది కరెంటు మీద కాదు, ఈ రెండు మాటల మీద, అనుకున్నది మమతారాణి, ఇంటి వెనక రేకుల షెడ్డులో స్టూలు మీద కూర్చొని కొంగుతో మెడ తుడుచుకుంటూ. కరెంటు పోయి అప్పటికే చానాసేపైంది. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే, లైను మీద పని నడుస్తుంది మేడం, ఇంకో గంటల ఇస్తం అన్నరు. బెల్లంపల్లి కడుపు తవ్వి తీసిన బొగ్గుతోటి ఎక్కడెక్కడి ఊర్లకో దీపాలు, బెల్లంపల్లికి మాత్రం ఇంకో గంటల ఇస్తం. ఇంటిల్లిపాదికి వండిపెట్టిన ఆడిదానికి అడుగంటిన గిన్నె మిగిలినట్టు. ఇయ్యండి నాయనా, నిమ్మళంగనే ఇయ్యండి, ఇయ్యాల ఒక్కనాడు నాకేం తొందర లేదు. ఎందుకంటే కరెంటు వచ్చిందంటే ఆమె ఆకుపచ్చ బటన్ నొక్కాలె, లేదంటే నొక్కనని చెప్పాలె. నొక్కితే ఎదురుగా ఉన్న ఆమె కరెంటు ఆము, కుండలు కాల్చే బట్టీ, వేడెక్కుతది, అందులో వరుసలుగా పేర్చిన చిన్న గిన్నెలు కాలి, ఆదివారం నాటికి చర్చికి చేరుతయి. నొక్కితే షెడ్డు గూడ కాలొచ్చు, షెడ్డు గోడ అవుతల ఉన్న వంటిల్లు గూడ. నొక్కకపోతే ఏదీ కాలదు, ఒక్క మొగని మొఖం తప్ప.

ఆ మొగడు, ఓంప్రకాశ్, కొబ్బరికాయ తెస్తనని బజారుకు పోయిండు. కొత్త పనికి కొబ్బరికాయ కొట్టకుంటే ఎట్ల? పొద్దున ఆయన తన చేతులతో బిగించిన పాత కాంటాక్టర్ గోడ మీది రేకు డబ్బాలోంచి ఆమెనే చూస్తున్నది. పేరు పెద్దది గాని దాని పని చిన్నది, కరెంటుకు అదొక తలుపు. ఆములో వేడి ఎంతయిందో చూసే మీటరు తెరువు అంటే తెరవాలె, మూయి అంటే మూయాలె, అత్తగారింట్లో కొత్త కోడలి పని. తెరిచిన తలుపు ఇగ మూసుకోనని మొండికేస్తేనే కథ. పోయిన నెల అదే అయింది. ఆముతో పాటు వచ్చిన కాంటాక్టర్ ఇరుక్కుపోయింది. మీటరేమో చాలు చాలని ఎర్రలైటు కొట్టుకుంటున్నది, లోపల వేడి మాత్రం ఎక్కుతనే ఉన్నది. పప్పుకు పోపు పెడుతున్న మమతారాణి ఇదేం వాసన, ఇది ఎల్లిగడ్డ వాసన కాదే అని పరుగెత్తి మెయిన్ గుంజేసరికి, చాయ కెటిళ్లు మడుగుల బర్రెలు కూలబడ్డట్టు పలకల మీద కూలబడి, గ్లేజు పూత కారి, ఒకదాన్నొకటి కావలించుకొని ఉన్నయి. ఓంప్రకాశ్ వచ్చి చూసి ఏమన్నడు? ఏం గాదు అన్నడు. కాకముందు ఏం గాదు అనేటోళ్లు లోకమంతా ఉంటరు, అయినంక గూడ అనగలిగినోడు లక్షల ఒక్కడు, ఆ ఒక్కడు మా ఇంటికి అల్లుడుగ దొరికిండు, మా బాపు అదృష్టం.

కొత్తది హైదరాబాద్ నుంచి పై వారం వస్తది. పై వారం దాకా ఆగితే ఏం పోయింది అంటే, ఆగుడు అనేది మొగోళ్లకు అవమానం. మరిది పరశురాములు ఆదిలాబాద్‌ల ఒక పత్తి జిన్నింగ్ మిల్లుల ఫిట్టర్ పని చేసిండు, ఆ మిల్లు మూతబడి సామానంతా తుక్కు కింద పోతుంటే, అన్నకు అక్కరొస్తదని ఒక బోరె సంచి నింపుకొని రైలెక్కి వచ్చిండు. ఆదిలాబాద్ మనిషికి నోట్లో సగం మరాఠీ, సగం తంబాకు. గుమ్మంల సంచి దించుతనే, "కాయ్ వదినె, మీ కుమ్మరి సాలెకు మిల్లు సామాను తెచ్చిన, బఘా ఎట్లున్నదో!" అన్నడు.

"సామానా, శవమా?" అన్నది ఆమె సంచిల తొంగి చూసి.

"గట్లనకు వదినె. గిప్పటి మాలంతా అగ్గిపెట్టెలు. గిది ఇనుము, పింగాణి, రాగి. ముప్పై ఏండ్లు ఆగకుంట నడిచింది, జర మర్యాద ఇయ్యి."

"ముప్పై ఏండ్లు నడిచినోళ్లు ఇగ కూసోవాలె పరశురాములు. మీ అన్నను సూడు, రిటైరై ఎంత మంచిగ కూసున్నడో."

పరశురాములు పకపక నవ్విండు. ఓంప్రకాశ్ గూడ నవ్విండు, కాకపోతే ఆయన నవ్వు పండ్ల దగ్గర్నే ఆగిపోయింది. ఆ మాట ఎక్కడ తగలొద్దో అక్కడ తగిలిందని ఆమెకు అప్పుడే తెలిసింది. తెలిసి ఏం చేసింది? చాయ పెట్టింది. మాట జారినప్పుడు ఆడోళ్లు చాయ పెడతరు, మొగోళ్లు వార్తలు పెడతరు.

సంచి నిండా ఏమున్నయి, మూతి పగిలిన స్విచ్చులు, పింగాణి ఫ్యూజు గిన్నెలు, అద్దం పసుపెక్కిన ఆమ్‌మీటర్, దాని ముల్లు సున్నా మీద బుద్ధిగ పడుకొని ఉంది, ఇంకా ఈ కాంటాక్టర్, ఇటుకంత, నల్లగ, బరువుగ. కాదు, నల్లగ ఉండేది ఒకప్పుడు. ఇప్పుడు దాని మొఖాన పసుపు, కుంకుమ, మళ్లా పసుపు, మళ్లా కుంకుమ, పొరలు పొరలుగ పెచ్చుకట్టి, పాత ఇంటి గోడకు ఏటేటా వేసిన సున్నం లెక్క. మిల్లుల ప్రతి దసరాకు ఆయుధపూజ చేస్తరు గదా. రంపానికి బొట్టు, రెంచికి బొట్టు, మోటరుకు బొట్టు, మేనేజరు కారుకు పెద్ద బొట్టు. ఏడాది పొడుగునా దాని మీద పత్తి ధూళి దులపనోడు గూడ దసరానాడు వంగి దండం పెడతడు. లోపల వేలు పెట్టి తీస్తే పత్తి పీచు ఉండలు ఉండలుగ వచ్చింది, ఒక బొమ్మకు దిండు కుట్టేటంత. అగ్గిని తెరిచి మూసే తలుపు సందుల పత్తి! దానికి బొట్టు పెట్టినోడు దేవుడని దండం పెట్టిండో, దేవుడా కాపాడు అని పెట్టిండో. ఓంప్రకాశ్ మాత్రం ఆ పెచ్చును వేళ్లతో తడిమి, "ఇన్ని పూజలు తిన్న వస్తువు మోసం జేస్తదా మమతా?" అన్నడు. ఎందుకు చెయ్యదు, పూజలు తిన్నోళ్లే చేస్తరు, ఎలక్షన్లు చూస్తలేవా, అని నాలుక దాకా వచ్చింది గాని, చాయ రెండోసారి పెట్టే ఓపిక లేక మింగింది.

నవ్వొచ్చేదేందంటే ఇదే మనిషి భూమి కింద ఇట్లుండకపోయేది. బొగ్గుబాయిల ఎలక్ట్రీషియన్, ముప్పై ఏండ్ల సర్వీసంతా బాయిలనే. పెండ్లయిన కొత్తల ఆయన చెప్పిన ముచ్చట్లల్ల ప్రేమ ముచ్చట్లు తక్వ, తాళం ముచ్చట్లు ఎక్వ. కింద ఏ మిషను మీద చెయ్యి పెట్టాలన్నా ముందు స్విచ్చు దించాలె, దానికి తాళం వెయ్యాలె, తాళంచెవి తన జేబుల వేసుకోవాలె. ఎవడు వేసిన తాళం వాడే తియ్యాలె, మేనేజరు వచ్చినా సరే, సొంత తమ్ముడైనా సరే, తాళంచెవి అడుగొద్దు, ఇయ్యొద్దు. "అది పాణం మమతా, తాళంచెవి గాదు," అనేటోడు, చీకట్ల ఆమె చెయ్యి పట్టుకొని. ఆమెకు అప్పుడు డిగ్రీ ఫిజిక్సు వాసన ఇంకా పోలేదు, ఆ మాట మస్తు నచ్చింది, వీడు మనిషే అనుకున్నది. మరి అదే మనిషి డ్యూటీ దిగి ఇంటికొస్తే ఫ్యూజు తీగ తెగిందని పుల్లంత లావు తీగ చుడతడు, తడి కాళ్లతో గీజరు విప్పుతడు, గ్యాసు పైపుకు పగులొస్తే టేపు చుట్టి చప్పట్లు కొట్టమంటడు. ఎందుకట్ల? ఆలోచిస్తే ఆమెకు ఒకటే తేలింది. కింద ప్రమాదం ఉంటదని జీతమిచ్చి చెప్పిన్రు, నమ్మిండు. ఇంట్ల ప్రమాదం ఉంటదని చెప్పేది పెండ్లాం, జీతం ఇయ్యదాయె, ఎట్ల నమ్ముతడు?

ఈ రోగం ఆయనొక్కనిదే అయితే ఓర్చుకోవచ్చు. పక్కింటాయన బోరు మోటరుకు దండెం తీగ కట్టిండు, బట్టలారేస్తే మొన్నటి దాకా చేతులు జివ్వుమన్నయి. దానికి ఊరంతా ఏమంటరు, దిమాక్ ఉన్నోడు అంటరు. దిమాక్ అనే మాటను ఇంత చీపుగ అమ్మే ఊరు ఇంకోటి లేదు. పనికిరానిదాన్ని పనికొచ్చేటట్టు చేస్తే తెలివి, సరే ఒప్పుకుంట, కాని పనికొచ్చే మనుషుల్ని పనికిరాకుంట చేస్తే? కరీంనగర్ల ఆమె చదివిన కాలేజీ ల్యాబ్‌ల గూడ ఇట్లనే, పగిలిన మీటర్లకు లక్క అంటించి రీడింగులు సారు చెప్పినవి రాసుడు. అందరికీ ఒకటే జవాబు వచ్చేది. సైన్సు అంటే అంత నమ్మకం.

ఫోన్ మోగింది. ఆమె ఉలిక్కిపడి, కరెంటు వచ్చిందేమో అన్నట్టు ముందు ఫ్యాను దిక్కు చూసింది. మగ్దలేనమ్మ టీచర్. రిటైరై ఇప్పుడు మెథడిస్టు చర్చిల ఆడోళ్ల సంఘానికి పెద్ద. ఆదివారం చర్చి జూబిలీ, ప్రభు భోజనానికి మట్టి గిన్నెలు కావాలని ఆమెనే అడిగింది. "ప్లాస్టిక్ గ్లాసులల్ల ద్రాక్షరసం పోస్తుంటే పెండ్లి పందిట్ల కూల్‌డ్రింక్ పంచినట్టున్నది చెల్లే, భక్తి వస్తలేదు, తేన్పు వస్తుంది" అన్నది ఆనాడు. ఆ ఒక్క మాటకే మమతారాణి ఒప్పుకున్నది. ఈ ఊర్ల ఆమె చేసిన వస్తువును అవసరమని అడిగిన మొదటి మనిషి మగ్దలేనమ్మ, మిగిలినోళ్లంతా ఎంత బాగుందో అని పట్టుకొని చూసి కింద పెట్టినోళ్లే.

"వందనాలు చెల్లే. మా గిన్నెలు అగ్గిల పడ్డయా?"

"కరెంటు లేదు టీచరమ్మా."

"అయ్యో, నేను ప్రార్థన పెట్టిస్త."

"కరెంటోళ్లకు పెట్టించుండ్రి, దేవుని చేతుల ఏం లేదు."

మగ్దలేనమ్మ నవ్వి, సరే సరే, నీ మీద భారం వేసిన అని పెట్టేసింది. నీ మీద భారం. ప్రభువు మీద వేయాల్సింది తీసుకొచ్చి కుమ్మరి సిద్దిరాములు బిడ్డ మీద వేస్తే ఎట్ల? కరెంటు లేదు అన్నది అబద్ధం కాదు గాని నిజం గూడ కాదు. ఇట్లాంటి మాటలు తనకు ఇంత సాఫుగ వస్తయని ఆమెకు తెలుసు, ఎవరినన్న చూసి ఈసడించుకునే ముందు అద్దంల ఒకసారి మొఖం చూసుకోవాలని గూడ తెలుసు, అందుకే షెడ్డుల అద్దం పెట్టుకోలేదు.

సిద్దిరాములు. బాపు. వేములవాడ అవుతల ఊర్లె ఆయన ఆము. ఈ కరెంటు డబ్బా కాదు, అసలు ఆము. నేల మీద పిడకలు, పొరక, దాని మీద కుండలు, కుండల మీద గడ్డి, అన్నిటి మీద పగిలిన కుండ పెంకులు కప్పి మట్టి పూసేటోడు. కాలుతుంటే దూరం నుంచి పెద్ద గర్భిణి పండుకున్నట్టు ఉండేది, వేడికి ఆ పొట్ట కదిలేది అనుకునేది చిన్నప్పుడు. బాపు ఏమీ జ్ఞాని కాదు. కల్లు తాగితే పక్కోని కుండలు మంచివని ఏడ్చేటోడు. ఒక ఏడు పాత పెంకులు మస్తు జమయినయని, ఎందుకు పారేసుడని, పైన కప్పాల్సినవి తీసి కింద పీటల లెక్క పేర్చిండు, వాటి మీద బోనం కుండలు ఎక్కించిండు. ఏం గాదు తియ్యే, అన్నడు అవ్వతోటి. చూసినవా, ఆ మాట ఒక్క అత్తగారింటిదే కాదు, పుట్టింటి నుంచి గూడ కట్నంల వచ్చిందే. అగ్గి ఎక్కినంక కింద పెంకులు పట్‌మన్నయి, పైన కుండలన్నీ ఒక దిక్కు ఒరిగి కుప్ప. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటరు, ఆ రోజు గుదియ ఎత్తింది ఎవరో గాదు, కుమ్మరే. బాపు మాత్రం దిష్టి తగిలిందని ఆముకు పాత చెప్పు కట్టిండు. దిష్టి! ఊర్లె ఎవరు చూస్తరు ఈయన కుండల దిక్కు? కాని ఆ మరుసటి ఆము నుంచి పెంకు పైకే పోయింది, ఎప్పుడూ కిందికి రాలె. పాతది కప్పాలె బిడ్డా, మొయ్యొద్దు, అని ఒకసారి తనలో తను అనుకున్నట్టు అన్నడు, అదీ కల్లు దిగినంక, అదీ తప్పు తనది కానట్టు. ఆ ఒక్క మాట కోసం ఎన్ని బోనం కుండలు పగిలినయో.

ఆమె లేచింది. డబ్బా ముందర నిలబడి ఆము మెయిన్ స్విచ్చు దించింది. కరెంటు ఎట్లాగూ లేదు గదా, దించకపోతే ఏం... నాలుక కరుచుకున్నది. ఆ మాట ఎంత నున్నగ జారి వస్తదో చూడు, నూనె రాసిన పురుగు లెక్క. వంటింట్లకు పోయి బియ్యం డబ్బా తాళం తెచ్చి, స్విచ్చు పిడి రంధ్రంల వేసి తిప్పింది. తాళంచెవి బొడ్లె దోపుకున్నది. ఇప్పుడు సబ్‌స్టేషనోళ్లు గంటకు ఇచ్చినా, తాళి కట్టినోడు గంతులేసి వచ్చినా, ఈ గోడ మీదికి కరెంటు రాదు. పెండ్లయిన కొత్తల చీకట్ల చెప్పిన ప్రేమ ముచ్చట ఇన్నేండ్లకు పనికొచ్చింది. టెస్టరు పెట్టి చూసుకొని, స్క్రూడ్రైవర్ తీసుకొని కాంటాక్టర్ మూత విప్పింది.

విప్పుతుంటే పొద్దుటి ఒక చిన్న సంగతి గుర్తొచ్చింది. ఓంప్రకాశ్ వంటింట్లకు వచ్చి, జర చింతపండు ఇయ్యి అన్నడు. ఆయన వంటింట్ల ఏదైనా అడిగితే ఎందుకని అడిగే అలవాటు ఆమెకు లేదు, అడిగితే జవాబు పొడుగుంటది. ఇచ్చింది. ఇప్పుడు మూత లేచినంక అర్థమైంది. లోపల తలుపు రెక్కల మొనలు, కరెంటు ఒకదాన్నుంచి ఒకదానికి దాటే చోటు, తళతళ మెరుస్తున్నయి. పండుగ ముందు రోజు రాగి చెంబులు తోమినట్టు. ముందు ఉప్పుకాగితంతో గీకి, తర్వాత చింతపండుతో తోమి, కడిగి, తుడిచి పెట్టిండు. బాయిల గూడ దసరా ముందు ఇట్లనే తోమేటోళ్లమని ఎన్నిసార్లు చెప్పిండు, ఇత్తడి బిళ్లలు, పిడులు, రాగి పట్టీలు, దొరికినవన్నీ, దేవుడొచ్చి చూస్తడు గదా. మెరుపు చూసి ఆమె కూడా ఒక క్షణం బాగుందనుకున్నది, ఆడదానికి తోమిన వస్తువు మీద ఉండే పాడు ప్రేమ. ఆ తర్వాత ఆ మెరుపు రంగు చూసింది. తెల్లగ మెరవాల్సింది. ఎర్రగ మెరుస్తున్నది.

పెండ్లిల మేనమామ పెట్టిన కుంకుమ భరిణె, వెండి వెండి అని పందిరంతా చూపించిండు. అత్తగారింట్ల మొదటి దసరాకు చింతపండు, బూడిద వేసి ఆమె ఎంత తోమితే అంత తెల్లగ వస్తదని తోముతుంటే, తెలుపు పోయి పసుపుపచ్చ ఇత్తడి నవ్వుతూ బయటికొచ్చింది. వెండి పూత. అత్త ఆ భరిణెను ఎప్పుడూ దేవుని గూట్ల ముందు వరుసల పెట్టింది, వచ్చినోళ్లందరికీ మేనమామ మనసు కనబడాలని. ఇక్కడా అంతే. మొనల మీద పల్చగ వెండి ఉంటది, అది నల్లబడితే నల్లబడనియ్యాలె, ఆ నలుపుతోటే పని చేస్తది. మసి అని గీకితే వెండి పోతది, కింద రాగి తేలుతది, రాగి వేడికి మాడి, పొక్కి, ఒకనాడు అవుతలి మొనను పట్టుకొని వదలదు. ఈ సంగతి ఆమెకు ఎవరు చెప్పిన్రు? పోయిన నెల కెటిళ్లు కూలబడ్డ రోజు ఆము అమ్మిన కంపెనీ పిల్ల, ఫోన్ల, ఎంతో మర్యాదగ, మేడం కాంటాక్టర్ మొనలు ఎవరన్న గీకిన్రా, గీకొద్దు మేడం అన్నది. ఛ, మా ఇంట్ల అట్లాంటి పనులెవరు చేస్తరు అన్నది ఈమె, ఫిజిక్సు చదివిన గొంతుతో. అప్పుడు తట్టలేదు. పోయిన దసరాకు ఆయన షెడ్డంతా కడిగి, ఆముకు మామిడాకులు కట్టి, డబ్బా తెరిచి లోపల గూడ పూజ చేసిన అని మురిసిపోతూ చెప్పిన సంగతి ఇప్పుడు తట్టింది. చేతి నిండా కుంకుమ చూసింది గాని, జేబుల ఉప్పుకాగితం చూడలే. ఒక దసరాకు ఒకదాన్ని చంపిండు, ముప్పై దసరాలు బతికి వచ్చిన రెండోదాన్ని ఒక్క పొద్దుల చంపిండు. భక్తితోటి.

కోపం రావాలె. వచ్చింది గాని పూర్తిగ రాలేదు, మధ్యల ఒక పాట అడ్డం పడ్డది. పొద్దున డబ్బా బిగిస్తుంటే ఆయన కూనిరాగం తీసిండు. రిటైరైనంక ఆ గొంతు ఆమె వినలే. పొద్దున హోటల్ల చాయ, పగలు సోఫా, సాయంత్రం పాత దోస్తులు, ఏందిరా ఓంప్రకాశ్, పెండ్లాం కుండలు చేస్తుందట, నువ్వు నెత్తిన పెట్టుకొని అమ్ముతున్నవా అని వాళ్ల నవ్వులు, కుమ్మరింట్ల పుట్టి మట్టి ముట్టకుండ నౌకరి చేసిన మొనగాడు ఇంటికొచ్చి ఎవరి మీదా చూపలేక ఆము మీద చూపించే కిరికిరి. అట్లాంటోడు ఒక తుక్కు సంచి రాంగనే లేచి, కండ్లద్దాలు తుడుచుకొని, పనిముట్ల డబ్బా దులిపిండు. ఇది వద్దంటే ఆయన చెవిల అది వేరే మాట. నీ ముప్పై ఏండ్లు తుక్కు అని. మొన్న నవ్వుల నేనన్నదే అది. రెండోసారి అనాలంటే ఆమెకు గూడ నాలుక బరువెక్కింది. కాని జాలితో నొక్కిన బటన్ గూడ బటనే. అగ్గికి జాలి లేదు, మొగనికి మనసున్నదని అది ఆగదు.

అయితే తుక్కు అని ఎవరన్నరు? పాతది కప్పాలె, మొయ్యొద్దు. ఆమె సంచి ముందేసుకొని కూర్చున్నది. ఆమ్‌మీటర్ ఏమీ మొయ్యదు, చూసి చెప్తదంతే, ముల్లు లేచిందో పడుకున్నదో. పరీక్షించి మంచిగుంటే అది గోడ మీద ఉండొచ్చు, తలుపు ఇరుక్కుంటే ముందే తెలుస్తది. పింగాణి గిన్నెలు పగల్లేదు, గ్లేజు నమూనాలు కలపడానికి వాటంత నున్నటివి బజార్ల దొరకవు. స్విచ్చులు, వద్దు, పోవాలె. ఇక ఈ పెద్దమనిషి. నాలుగు స్క్రూలు విప్పి దాన్ని రెండు చేతులా దించింది. పసిపిల్ల బరువు. తుక్కుల వేస్తే ఆయన తెచ్చుకుంటడు. అటక మీద దాస్తే, తను లేనప్పుడు దించి బిగిస్తడు, కొత్తది వచ్చినంక గూడ ఇదే మంచిది అంటడు, పరశురాములు ఆదిలాబాద్ నుంచి వంత పాడుతడు. పారేస్తే తిరిగొచ్చేది, దాస్తే దొరికేది, వాదిస్తే గెలిచేది. దీన్ని మొగడు ముట్టని చోట పెట్టాలె. ఈ ఇంట్ల అట్లాంటి చోటు ఒక్కటే ఉన్నది.

దేవుని గూడు. రాజరాజేశ్వరస్వామి పటం, లక్ష్మి, ముందు వరుసల అత్త పెట్టిపోయిన ఇత్తడి నవ్వుల భరిణె. భరిణెను జర పక్కకు జరిపి కాంటాక్టర్‌ను పటాల ముందు పెట్టింది. పాత పెచ్చు మీద కొత్తగ పసుపు రాసి, కుంకుమ పెట్టి, మీద ఒక మందారం పెట్టింది, దీపం వెలిగించింది. చూస్తే నిజంగనే ఏదో చిన్న ఊరి నల్లటి దేవర లెక్క ఉన్నది, కండ్లు లేవు గాని కోరిక వినేటట్టే ఉన్నది. దండం పెట్టింది. వెటకారంగనే మొదలుపెట్టింది, చేతులు కలిసేసరికి ఎందుకో కొంచెం నిజం గూడ కలిసింది. స్వామీ, ముప్పై ఏండ్లు తెరిచినవు, మూసినవు, ఇగ కూసో.

అప్పుడే ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్జు గుర్రుమన్నది, ఎక్కడో టీవీల ఎవడో గొంతు చించుకున్నడు. వాకిట్ల చెప్పులు విడిచిన చప్పుడు. ఓంప్రకాశ్ కొబ్బరికాయ, ఊదుబత్తుల పొట్లం పట్టుకొని, "కరెంటొచ్చిందే! నొక్కినవా?" అనుకుంటనే సీదా షెడ్డుకు పోయిండు. ఆమె వంటింటి గుమ్మంల నిలబడి చూసింది. మెయిన్ ముందర ఆగిండు. తాళం చూసిండు. బియ్యం డబ్బా తాళమని గుర్తుపట్టిండు. చెయ్యి లేచింది, సగంల ఆగింది, కిందికి దిగింది. ఒక అడుగు వెనక్కి గూడ వేసిండు, ముప్పై ఏండ్ల కాళ్లు వాటంతట అవే వేసిన అడుగు. తాళంచెవి ఏది అని అడగలే. ఖాళీ డబ్బా దిక్కు చూసి, లోపలికొచ్చి, దేవుని గూడు ముందర నిలబడ్డడు. దీపం వెలుగు ఆయన కండ్లద్దాల మీద పడ్డది. దేవుని ముందట పెట్టినదాన్ని తియ్యరాదని ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

"రాగి తేలిందా?" అన్నడు, నిమ్మళంగ, పటాలనే చూస్తూ.

"నీకెట్ల తెలుసు?"

"పొద్దున తోముతుంటే జర ఎర్రగ కనబడ్డది."

"మరి?"

ఓంప్రకాశ్ కొబ్బరికాయ పీచు వలిచిండు, అవసరమైనదానికంటే ఎక్వసేపు. "ఏం గాదనుకున్న," అన్నడు.

ఆమె నోరు తెరిచింది. తిట్లన్నీ ఒకేసారి తలుపు కాడికి వచ్చి, ఏది ముందు పోవాల్నో తెలియక ఇరుక్కున్నయి. అంతల ఆయన కాయను గడపకు కొట్టిండు, రెండు చిప్పలు సమంగ పగిలినయి, ఒకటి ఆమె చేతికిచ్చి, ఒకటి గూట్ల కాంటాక్టర్ ముందు పెట్టి, వంగి మొక్కిండు. లేస్తూ జేబుల నుంచి ఫోన్ తీసిండు. "టీచరమ్మకు నేను చెప్త," అన్నడు. ఆయనకు చెవి దగ్గర ఫోన్ పెట్టుకుంటే వినబడదు, బాయిల మోటర్లు వినికిడి సగం తిన్నయి, అందుకే స్పీకర్ పెట్టిండు.

"నమస్తే టీచరమ్మా, నేను ఓంప్రకాశ్‌ను, మమత మొగణ్ణి. గిన్నెలు ఆదివారానికి కావు. పై వారం."

"అయ్యో. కరెంటు రాలేదా బాబూ?"

ఆయన గొంతు సవరించుకున్నడు. మమతారాణి కొబ్బరి చిప్ప చేతుల పట్టుకొని అట్లనే నిలబడ్డది. అవునంటే అయిపోతది, ఎవరికీ తెలువది, తను గూడ ఇందాక అదే చెప్పింది.

"వచ్చింది టీచరమ్మా. నేను బిగించిన సామాను మంచిది గాదు. నాదే తప్పు."

ముందు అవుతలి నుంచి మగ్దలేనమ్మ నవ్వు, తర్వాత మాట, గదంతా వినబడేటట్టు. "ఏం గాదు బాబూ! ప్లాస్టిక్ గ్లాసులు ఉన్నయి గదా. ప్రభువు ఏమనుకోడు. ఏం గాదు."

ఓంప్రకాశ్ మొఖం వెలిగింది. ఫోన్ దించి, చూసినవా, నేను ముందు నుంచి అంటలేనా అన్నట్టు పెండ్లాం దిక్కు తిరిగిండు.

మమతారాణి బొడ్లె తాళంచెవిని ఇంకా లోపలికి దోపుకొని, కొబ్బరి తురుముకోవడానికి వంటింట్లకు పోయింది.